మీరు చూసి రండి, నేనిక్కడ కూర్చుంటా

పై మాట ఎవరిదో మీకు నేను చెప్పక్కర్లేదు. మీ ఇంట్లో అమ్మమ్మో, నానమ్మో, అత్తగారో, మోకాళ్ళు అరిగిన నాన్నగారో... ఎవరో ఒకరు అని తీరతారు. చెప్పులూ, సంచులూ, మంచినీళ్ళ సీసాలూ వాళ్ళ ముందు కుప్ప పోసి మిగతా అందరూ లోపలికి వెళ్ళిపోతారు. గంట తర్వాత వచ్చి "భలే ఉందమ్మా, నువ్వూ వస్తే బావుండేది" అంటారు. ఆవిడ నవ్వి "నాకెందుకులేరా" అంటుంది. అంతే, షికారు అయిపోయింది.

నాదో చిన్న సిద్ధాంతం ఉంది. మహానగరంలో సెలవుల్లో ఒక కుటుంబం బయటికెళ్ళి వచ్చాక, ఆ షికారు బాగా జరిగిందో లేదో తేల్చడానికి ఫోటోలూ, ఖర్చూ, చూసిన చోట్ల లెక్కా చూడక్కర్లేదు. ఆ మాట ఎన్నిసార్లు వినపడిందో చూస్తే చాలు. ఒక్కసారి కూడా వినపడకపోతే షికారు హిట్టు. మూడుసార్లు వినపడితే అది షికారు కాదు, ఆవిడకి వాచ్‌మన్ డ్యూటీ.

ఇది నవ్వులాటకి అంటున్నది కాదండీ. సంక్రాంతికి హైదరాబాదు ఎలా ఉంటుందో ఇక్కడున్నవాళ్ళకి తెలుసు. సగం ఊరు కార్లెక్కి విజయవాడ రోడ్డు పడుతుంది. చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్‌గేటులో బారులు తీరిన కార్లని టీవీలవాళ్ళు పొద్దుటినుంచీ చూపిస్తారు. కానీ ఇంకో సగం గురించి ఎవరూ మాట్లాడరు. లీవు దొరకనివాళ్ళు, పండగ రోజు కూడా డ్యూటీ ఉన్నవాళ్ళు, ఊళ్ళో ఇల్లు అమ్మేసుకున్నవాళ్ళు, టిక్కెట్లు దొరకనివాళ్ళు. నాలాంటి సపోర్ట్ ప్రాజెక్టు బాపతు వాళ్ళు కూడా అందులోనే. అమెరికా వాడికి సంక్రాంతి ఉండదు కదా :)

అలాంటి ఇళ్ళల్లో ఈమధ్య కొన్నేళ్ళుగా ప్రయాణం తిరగబడింది. పిల్లలు ఊరెళ్ళడం బదులు పెద్దవాళ్ళే ఊరినుంచి నగరానికి వస్తున్నారు. మా ఇంట్లో కూడా అంతే. అమ్మా నాన్నా ఒంగోలు వైపు నుంచి వస్తారు. అక్కా బావా ఖమ్మం నుంచి ఇద్దరు పిల్లల్తో దిగుతారు. కూకట్‌పల్లిలో నా రెండు గదుల ఫ్లాటులో ఏడుగురం. నాన్నకి అరవై అయిదు, అక్క కొడుక్కి నాలుగు. ఇంతమందిమి కలిసి గడిపేది ఏడాది మొత్తానికి ఈ అయిదారు రోజులే.

అందుకే ఈ విషయం నాకు చిన్నదిగా అనిపించదు. కాస్త లెక్కేయండి. అమ్మకి అరవై ఒకటి. ఏడాదికి అయిదు రోజులు చొప్పున ఇంకో పదిహేనేళ్ళు అనుకున్నా మొత్తం డెబ్భై అయిదు రోజులు. మూణ్ణెల్లు కూడా లేదు. అందులో సగం ఆవిణ్ణి ఏదో ఒక గేటు పక్కన సంచుల కాపలాకి కూర్చోబెడితే ఇక మిగిలేదెంత?

ప్లానింగు అనే జబ్బు

మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకీ, మనల్ని చూసి మిగతావాళ్ళకీ ఒక జబ్బు అంటుకుంది. షికారుకి కూడా ఎక్సెల్ షీటు. మా బావ బ్యాంకు ఉద్యోగి, అయినా ఈ విషయంలో మా మేనేజర్లని మించిపోయాడు. పొద్దున తొమ్మిదికి జూ, పన్నెండున్నరకి చార్మినార్, రెండింటికి బిర్యానీ, మూడింటికి సాలార్‌జంగ్, అయిదున్నరకి బిర్లా మందిర్, ఏడింటికి బుద్ధుడు, ఎనిమిదిన్నరకి నుమాయిష్. కాగితం మీద చూస్తే ముచ్చటగానే ఉంటుంది. రంగులు కూడా వేశాడు.

ఇందులో ఒక్కో చోటు ఎంతుందో చూద్దాం. నెహ్రూ జూ పార్కు 1963లో తెరిచారు, మీర్ ఆలం చెరువు పక్కన 380 ఎకరాలు. దాన్ని నడిచి చూడటమే ఒక రోజు పని. సాలార్‌జంగ్ మ్యూజియంలో ముప్పైకి పైగా గ్యాలరీలున్నాయి. గోల్కొండ అయితే పైదాకా మూడొందల పైచిలుకు మెట్లు. వీటిని గంటన్నర చొప్పున ముక్కలు కోస్తే మనం చూసేది ఆ చోటుని కాదు, దాని గేటునీ, పార్కింగునీ, టిక్కెట్ల క్యూనీ.

మా ఫీల్డులో ఒక మాటుంది. నాలుగు దశల పని వరసగా జరగాలంటే, అన్నిటికన్నా నెమ్మదిగా ఉండే దశ ఎంత వేగంతో వెళ్తుందో మొత్తం పని అంతే వేగంతో వెళ్తుంది. మిగతా మూడింటినీ ఎంత పరిగెత్తించినా లాభం లేదు. కుటుంబం కూడా అంతే కదా? ఏడుగురిలో అందరికన్నా నెమ్మదిగా నడిచేవాళ్ళ వేగమే ఆ షికారు వేగం కావాలి. మనం చేసేది ఏంటంటే, ఆ నెమ్మది మనిషిని లెక్కలోంచి తీసేసి, "నువ్విక్కడ కూర్చో" అని పక్కన పెట్టి మిగతా ఆరుగురితో పరిగెత్తడం. అప్పుడు ప్లాను ప్రకారం అన్నీ పూర్తవుతాయి. ఎవరికోసం మొదలుపెట్టామో వాళ్ళు మాత్రం ఏమీ చూడరు.

ఇంకో సంగతి. పెద్దవాళ్ళు అలిసిపోయామని నోరు విప్పి చెప్పరు. పిల్లాడు చెప్తాడు, రోడ్డు మీద బోర్లా పడుకుని మరీ చెప్తాడు. అమ్మ చెప్పదు. "బాగానే ఉందిరా" అంటుంది. పిల్లలు సెలవు పెట్టుకుని, డబ్బులు ఖర్చుపెట్టి తిప్పుతుంటే తన కాళ్ళనొప్పుల వల్ల ఆగిపోకూడదని. ఆ "నేనిక్కడ కూర్చుంటా" అనేది బద్ధకం కాదు, మర్యాదగా చేసుకున్న రాజీనామా.

నీళ్ళు తాగని ఆడవాళ్ళు

ఇంతకన్నా పెద్ద విషయం ఒకటుంది, మగవాళ్ళకి చాలామందికి తట్టదు. నాకూ అక్క చెప్తేనే తెలిసింది. బయటికి బయల్దేరే రోజు అమ్మ పొద్దున కాఫీ తర్వాత ఇంక ఏమీ తాగదు. సీసా నిండా నీళ్ళు మోస్తుంది, అందరికీ తాగిస్తుంది, తను మాత్రం గొంతు తడుపుకుని ఊరుకుంటుంది. ఎందుకంటే దారిలో శుభ్రమైన బాత్రూమ్ దొరుకుతుందన్న నమ్మకం లేదు. అక్కా అంతేనట. అక్క స్నేహితురాళ్ళూ అంతేనట.

కోటి దాటిన జనాభా, ఫ్లైఓవర్లూ, కేబుల్ బ్రిడ్జీ ఉన్న నగరంలో ఒక అరవయ్యేళ్ళావిడ పండగపూట షికారుకెళ్ళడానికి పొద్దుటినుంచీ నీళ్ళు మానెయ్యాలి! దీన్ని మనం ఎంత మామూలుగా తీసుకున్నామంటే అసలు ఎవరూ దీని గురించి మాట్లాడరు. రోడ్డు పక్కన డబ్బాల్లాంటి టాయిలెట్లు కొన్నిచోట్ల కనపడతాయి. వాటిల్లో తాళం వేసినవీ, నీళ్ళు రానివీ నా కళ్ళతో చూశాను. ఒకచోట ముందు టీ కొట్టు పెట్టేశారు.

మాల్‌ని తిట్టే ముందు

ఇక్కడ మనలో చాలామందికి ఒక అలవాటుంది. "ఈకాలం వాళ్ళకి సెలవులంటే మాల్స్, మల్టీప్లెక్సులే, సంస్కృతి నాశనమైపోయింది" అని తిట్టడం. పెళ్ళిళ్ళల్లో పెద్దాయనలు ఈ ఉపన్యాసం బాగా దంచుతారు. నేనూ మాల్ అభిమానినేం కాదు. కానీ ఒక్కసారి నిజాయితీగా ఆలోచించండి. మా అక్క పిల్లల్ని తీసుకుని మాల్‌కే ఎందుకు వెళ్తానంటుంది? లోపల చదునైన నేల. లిఫ్టు. ఎండ తగలదు. నాలుగడుగులకో బెంచీ. అన్నిటికన్నా ముఖ్యం, ప్రతి అంతస్తులోనూ శుభ్రమైన బాత్రూమ్. అంటే నగరం రోడ్డు మీద ఇవ్వాల్సినవాటిని మాల్ వాడు గోడల మధ్య పెట్టి ఇస్తున్నాడు. జనం అక్కడికి వెళ్తున్నది వ్యామోహంతో కాదు, గత్యంతరం లేక.

కానీ మాల్ ఏదీ ఊరికే ఇవ్వదు. ఏడుగురం సినిమాకెళ్తే టిక్కెట్లు ఒక ఎత్తు, లోపల పాప్‌కార్న్ ఇంకో ఎత్తు. ఆ బిల్లు చూసి నాన్న "దీంతో మన ఊళ్ళో ఒక ఎడ్లబండెడు మొక్కజొన్న కొనొచ్చు" అన్నారు. ఆయన వ్యవసాయ లెక్కలు ఎప్పుడూ కరెక్టే. అమ్మకి డబ్బు సంగతికన్నా ఎస్కలేటర్ అంటే భయం. చీర కుచ్చిళ్ళు ఇరుక్కుంటాయేమోనని. లిఫ్టు ఎక్కడో మూల ఉంటుంది, వెతికేసరికి పిల్లలు పైకి వెళ్ళిపోతారు. అప్పుడు అక్కడ కూడా అదే డైలాగు :(

కాబట్టి నా గొడవ మాల్ మీద కాదు. సెలవుల్లో ఒక మామూలు కుటుంబం ఏమీ కొనకుండా సాయంత్రం దాకా నీడన కూర్చోగలిగే చోట్లు ఈ నగరంలో ఎన్నున్నాయన్నదే నా గొడవ.

కూర్చోవడం తప్పు కాదు, ఒంటరిగా కూర్చోబెట్టడమే తప్పు

పరిష్కారం అంటే అమ్మని రెక్క పట్టుకుని గోల్కొండ ఎక్కించడం కాదు. ఆవిడ కూర్చుంటానంటే కూర్చోనివ్వాలి. కాకపోతే ఆవిడ కూర్చున్న చోటే షికారుకి నడిబొడ్డు కావాలి. మిగతావాళ్ళు అక్కడినుంచి వెళ్ళి, మళ్ళీ అక్కడికే రావాలి. చూడాల్సింది కూడా అక్కడినుంచే కనపడాలి. అలాంటి చోట్లు హైదరాబాదులో లేకపోలేదు.

మొదటిది సాలార్‌జంగ్ గడియారం. మ్యూజియంకి వచ్చేవాళ్ళు ముసుగు రెబెక్కా దగ్గర ఫోటో దిగాలని తోసుకుంటారు. బెన్‌జోనీ అనే ఇటలీ శిల్పి చెక్కిన ఆ బొమ్మని మొదటి సాలార్‌జంగ్ 1876లో కొన్నాడు. పాలరాతిలో పల్చటి ముసుగు చూపించడం నిజంగా అద్భుతమే. కానీ కుటుంబమంతటికీ కలిపి పనికొచ్చేది మాత్రం గడియారమే. గంట కొట్టడానికి కొన్ని నిమిషాల ముందు ఒక గడ్డం బొమ్మ తలుపు తీసుకుని బయటికొస్తుంది, టైమైతే గంట కొట్టి లోపలికి పోతుంది. అంతే, అంతకన్నా ఏమీ లేదు. దానికోసం మూడు తరాలవాళ్ళు పక్కపక్కన కూర్చుని ఒకే వైపు చూస్తూ ఎదురుచూస్తారు. మధ్యాహ్నం పన్నెండింటికైతే పన్నెండు దెబ్బలు కాబట్టి జనం ఇంకా ఎక్కువ. మేం పోయినప్పుడు మా మేనల్లుడు గంటలు లెక్కపెడుతుంటే అమ్మ వాడితోపాటు పైకే లెక్కపెట్టింది. తొమ్మిది దగ్గర వాడు తప్పితే ఆవిడ అందుకుంది. ఆ రోజు మేం చూసింది మొత్తం నాలుగు గ్యాలరీలు. బావ షీటు ప్రకారం అది ఘోర వైఫల్యం. కానీ ఊరెళ్ళాక అమ్మ పక్కింటావిడకి ఫోనులో చెప్పింది ఆ గడియారం సంగతే.

రెండోది ట్యాంక్ బండ్. హుస్సేన్‌సాగర్‌లో బుద్ధుడి కథ అందరికీ తెలిసిందే. 1990లో తీసుకెళ్తుంటే నీళ్ళలో మునిగిపోయి, మనుషుల ప్రాణాలు కూడా పోయి, 1992లో పైకి తీసి నిలబెట్టారు. 2007 ఆగస్టు 25న పక్కనే లుంబినీ పార్కులో లేజర్ షో చూస్తున్న జనం మధ్య బాంబు పేలింది. అలాంటి రోజు తర్వాత కూడా జనం ఆ గట్టుకి రావడం మానలేదు. ఎందుకంటే నీళ్ళ పక్కన గాలికి కూర్చోవడం అనే సుఖానికి ఈ ఊళ్ళో ఇంకో అడ్రసు పెద్దగా లేదు. 2021లో ఆదివారం సాయంత్రాలు ట్యాంక్ బండ్ మీద బళ్ళు ఆపేసి రోడ్డు మొత్తం జనానికి వదిలేశారు, గుర్తుందా? కొత్తగా కట్టిందేమీ లేదు. రోడ్డుకి రెండువైపులా అడ్డం పెట్టారు, అంతే. పిల్లలు రోడ్డు మధ్యలో పరిగెత్తారు, పెద్దవాళ్ళు నింపాదిగా నడిచారు. నగరానికి కావల్సింది ఎప్పుడూ కోట్ల ప్రాజెక్టే కాదు, ఒక్కోసారి రెండు బారికేడ్లు చాలు అనడానికి అంతకన్నా రుజువు ఏం కావాలి?

మూడోది నుమాయిష్. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో వంద దుకాణాలతో మొదలైంది. ఉస్మానియాలో చదువుకున్న కుర్రాళ్ళ ఆలోచన అది. 1946లో నాంపల్లి మైదానానికి మారింది. మామూలుగా జనవరి ఒకటి నుంచి ఫిబ్రవరి పదిహేను దాకా ఉంటుంది. సంక్రాంతి సెలవులు సరిగ్గా మధ్యలో పడతాయి. మెట్రో వచ్చాక (2017 నవంబరులో మొదలైంది) మియాపూర్ లైన్లో నాంపల్లి దగ్గరో గాంధీభవన్ దగ్గరో దిగితే పార్కింగు గొడవే లేదు. స్టేషన్లలో లిఫ్టులున్నాయి. నుమాయిష్‌లో జనం ఎక్కువే, నిజం. ఆదివారం పోతే ఊపిరాడదు. కానీ పనిరోజు నాలుగింటికల్లా లోపలుంటే వేరే లోకం. లోపల తిరిగే చిన్న రైలుంది చూశారా, అది పిల్లలకోసం అనుకుంటాం గానీ అసలు అది పెద్దవాళ్ళకోసం. కాళ్ళు నొప్పి పుట్టకుండా కూర్చుని మైదానమంతా చుట్టి రావచ్చు. ఆ తర్వాత ఒకచోట కుదురుగా కూర్చుని మిర్చిబజ్జీలు. కాశ్మీరు శాలువాల దుకాణం ఎక్కడుందో రైల్లోంచే అమ్మ కనిపెట్టేసింది, నేరుగా అక్కడికే వెళ్ళాం. జూలో కూడా ఇలాంటి రైలూ, బ్యాటరీ బళ్ళూ ఉన్నాయి. వాటిని వాడుకోవడం నామోషీ అనుకోకండి.

మేడమీద పండగ

నాలుగోదానికి టిక్కెట్టు లేదు, ప్రయాణం లేదు. మీ అపార్ట్‌మెంటు మేడ. సంక్రాంతికి పతంగులు ఎగరేయడం హైదరాబాదులో ఎంత పెద్ద పండగో చెప్పక్కర్లేదు, ధూల్‌పేటలో పతంగుల దుకాణాలు వారం ముందునుంచే కిటకిటలాడతాయి. (ఒక్క మాట: నైలాన్ మాంజా కొనకండి. 2017లోనే గ్రీన్ ట్రిబ్యునల్ నిషేధించింది. బండిమీద పోయేవాళ్ళ గొంతులూ, పిట్టల రెక్కలూ తెగుతున్నాయి. నూలు దారం చాలు.)

కానీ మా అపార్ట్‌మెంటులో మేడకి తాళం. నీళ్ళ ట్యాంకులున్నాయనీ, పిల్లలు పడతారనీ, ఎవరో సిగరెట్లు కాల్చారనీ అసోసియేషన్ వాళ్ళు ఎప్పుడో వేసేశారు. పోయిన సంక్రాంతికి నాన్న కిందికెళ్ళి వాచ్‌మన్‌తో, తర్వాత సెక్రటరీగారితో గంటసేపు మాట్లాడి తాళం తీయించారు. పిట్టగోడ దగ్గర పెద్దవాళ్ళెవరో ఒకరు నిలబడాలన్న షరతు మీద. లిఫ్టు అయిదో అంతస్తుతోనే ఆగిపోతుంది, ఆ పైన పదహారు మెట్లు. అమ్మ రెండుసార్లు ఆగి ఎక్కింది. పైన కుర్చీ వేశాం. పక్క ఫ్లాట్లలో ఉండిపోయినవాళ్ళు ఒక్కొక్కరే పైకి వచ్చారు. నిజామాబాద్ వాళ్ళు సకినాలు తెచ్చారు, మా అరిసెలు అటు వెళ్ళాయి. రెండేళ్ళుగా లిఫ్టులో తలూపి ఊరుకునే మనుషుల పేర్లు ఆ రోజు తెలిశాయి. సాయంత్రం ఆరింటిదాకా ఎవరూ కిందకి దిగలేదు. ఖర్చు సున్నా.

ఆ రోజు అమ్మ కూడా కూర్చునే ఉంది. కానీ అందరూ ఆవిడ చుట్టూ ఉన్నారు. తేడా అంతే.

అరుగు లేని ఊరు

"మన చిన్నప్పుడు తిరునాళ్ళకి ఏ బెంచీలున్నాయి? ఏ బాత్రూములున్నాయి? మైళ్ళు నడిచి వెళ్ళలేదా?" అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఒకటి మర్చిపోతున్నారు. ఊళ్ళో అరుగులుండేవి. తిరునాళ్ళకెళ్ళిన ముసలావిడ కాళ్ళు నొప్పి పుడితే ఏ ఇంటి అరుగు మీదైనా కూర్చునేది. ఆ ఇంటావిడ చెంబుతో నీళ్ళిచ్చి "ఏ ఊరమ్మా మీది" అని అడిగేది. లోపలికి వెళ్ళొస్తానంటే పెరట్లోకి దారి చూపించేది. అరుగంటే కట్టడం ఒక్కటే కాదు, ముక్కూమొహం తెలియనివాళ్ళకి కూడా ఇక్కడ కూర్చునే హక్కుందని చెప్పే ఒప్పందం. (అందరికీ, అన్ని కులాలవాళ్ళకీ ఆ అరుగు ఒకేలా దొరికేదని అనను. దొరకనివాళ్ళు ఉన్నారు, అది కూడా నిజమే. అందుకే అది ఒకరి దయమీద కాకుండా అందరి హక్కుగా ఉండాలంటాను.)

నగరంలో ఇళ్ళకి అరుగుల్లేవు, గేట్లున్నాయి. గేటు పక్కన వాచ్‌మన్ ఉన్నాడు. కొన్ని షాపుల ముందు మెట్లమీద ఎవరూ కూర్చోకుండా ఇనప ముళ్ళు కూడా పెడుతున్నారు. కాబట్టి ఇళ్ళవాళ్ళు ఇవ్వడం మానేసిన అరుగుని ఇప్పుడు నగరం ఇవ్వాలి. బెంచీ అంటే అదే. నీడ అంటే అదే. శుభ్రమైన బాత్రూమ్ అంటే పెరట్లోకి దారి చూపించడమే.

2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. దానిమీద ఎన్ని జోకులైనా వెయ్యండి, మా అక్క మొదటిసారి ఎవర్నీ డబ్బులడక్కుండా పిల్లల్ని తీసుకుని బిర్లా మందిర్‌కి వెళ్ళొచ్చింది. (అమ్మ దగ్గర ఆంధ్రా ఆధార్ ఉంది కాబట్టి ఆవిడకి ఇక్కడ టిక్కెట్టు కొట్టాల్సిందే. అక్కడ 2025 ఆగస్టు 15 నుంచి ఉచితం వచ్చింది గానీ అది అక్కడే చెల్లుతుంది. జీరో టిక్కెట్టు చూపించి అక్క ఏడిపిస్తోంది!) ఆడవాళ్ళు ఇల్లు దాటి బయటికి రావడానికి ఒక అడ్డంకి పోయింది. మరి వచ్చాక ఎక్కడ కూర్చుంటారు? బస్సు కోసం అరగంట ఎక్కడ నిలబడతారు? నీళ్ళు ఎప్పుడు తాగుతారు? మొదటి సగం చేశాక రెండో సగం వదిలేస్తే ఎలా?

మన చేతిలో ఉన్నవి

ప్రభుత్వం చేసేది ఎప్పుడో చేస్తుంది. ఈలోగా సెలవులు ఆగవు కదా. మా ఇంట్లో ఇప్పుడు కొన్ని పద్ధతులు పెట్టుకున్నాం, మీకూ పనికొస్తాయేమో చూడండి.

రోజుకి ఒక్క చోటే. రెండోది ఉంటే అది తిండి మాత్రమే.

ఎక్కడికెళ్ళాలో అందరికన్నా నెమ్మదిగా నడిచేవాళ్ళు చెప్పాలి. వాళ్ళు "మీ ఇష్టం" అంటే రెండు చోట్లు చెప్పి ఒకటి ఎంచుకోమనాలి. ఊరికే "ఎక్కడికెళ్దాం" అని అడిగితే ఎప్పటికీ మీ ఇష్టమే అంటారు.

బయల్దేరే ముందు రెండే చూడాలి: కూర్చోవడానికి ఎక్కడుంది, బాత్రూమ్ ఎక్కడుంది. ఆ రెండూ తెలిస్తే అమ్మ నీళ్ళు తాగుతుంది.

సెలవు రోజులు గుర్తుంచుకోవాలి. మామూలుగా జూకి సోమవారం సెలవు, సాలార్‌జంగ్‌కి శుక్రవారం. ఎండలో గేటుదాకా వెళ్ళి వెనక్కి రావడం కన్నా పెద్ద శిక్ష లేదు.

సంచుల కాపలా వంతులవారీగా. మొదటి వంతు మగవాళ్ళది. ఈ ఒక్క నిబంధనతో మా బావ సంచులు సగానికి తగ్గించాడు :)

ఇక నగరాన్ని నడిపేవాళ్ళకి ఒకే ఒక్క మనవి. ప్రతి పండగకీ సుందరీకరణ అని చెట్లకి రంగుదీపాలు చుడతారు. బావుంటాయి, కాదనను. ఈసారి ఆ దీపాల కింద ఒక్కో బెంచీ వెయ్యండి. పక్కన తాళం లేని బాత్రూమ్ ఒకటి పెట్టండి, నీళ్ళు వచ్చేది. మీ ఇంట్లో పెద్దావిణ్ణి తీసుకొచ్చి ఒక్క సాయంత్రం అక్కడ కూర్చోబెట్టి చూడండి. అంతకన్నా పెద్ద టెస్టింగు అక్కర్లేదు.

చదివేవాళ్ళకి ఒక పని. హైదరాబాదే కానక్కర్లేదు, విజయవాడ, విశాఖ, బెంగళూరు, చెన్నై, ఎక్కడైనా సరే, మీ ఊళ్ళో మూడు తరాలవాళ్ళు ఏమీ కొనకుండా రెండు గంటలు కూర్చోగలిగే చోటు తెలిస్తే చెప్పండి. నీడ ఉందా, మెట్లెన్ని, బాత్రూమ్ ఎలా ఉంది, ఆ వివరాలతో సహా. దసరా సెలవులకి అమ్మ మళ్ళీ వస్తానంది. జాబితా పెద్దదైతే నాకు సంతోషమే, రోజుకి ఒకటి చొప్పున నింపాదిగా చూస్తాం.